బెళ్ళందూరు ప్రసూతి ప్యాకేజీ: క్లాసులకి మంచి మార్కులు, ఆ ఒక్క ప్రశ్నకి సున్నా

మా చెల్లికి ఇప్పుడు ఏడో నెల. బెంగళూరులో బెళ్ళందూరు వైపు, ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో ప్యాకేజీ తీసుకున్నారు. మా మరిదికి పొద్దున లేస్తే మీటింగులు, అందుకని చాలాసార్లు తోడు వెళ్ళింది నేనే. ఆసుపత్రి పేరు రాయడం లేదు. గర్భిణుల్ని మద్యం గురించి అడిగే తీరులో, చెప్పే తీరులో నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క బిల్డింగులోనే ఉందనుకోను. నా ఇద్దరు పిల్లలప్పుడు ఈ ఊళ్ళోనే వేరే చోట్ల చూపించుకున్నాను, అక్కడా ఇదే తంతు. చెల్లి విషయాలు తనని అడిగే రాస్తున్నాను. రాశాక చదివించాను కూడా, రెండు వాక్యాలు తీసేయమంటే తీసేశాను.

ముందు మంచి చెప్తాను. ప్యాకేజీ 42,000 రూపాయలు. డాక్టర్ విజిట్లు, స్కాన్లు, రక్తపరీక్షలు, డైటీషియన్, శనివారం క్లాసులు అందులోనే. కాన్పు ఖర్చు వేరు, అది మొదటే స్పష్టంగా చెప్పారు. బిల్లింగ్ కౌంటర్లో తెలుగు మాట్లాడే అమ్మాయి ఉంది, హిందూపురం. ల్యాబులో సూది పొడిచే అతని చెయ్యి ఎంత తేలికంటే, సూదంటే భయపడే మా చెల్లి అతను డ్యూటీలో ఉన్నాడో లేదో ఫోన్ చేసి కనుక్కుని మరీ వెళ్తుంది. పాలు పట్టడం గురించి చెప్పే మేడమ్ క్లాసు ఒక్కదానికే సగం డబ్బులు గిట్టుబాటు అనిపించింది. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని, బిడ్డ నోరు ఎంత తెరవాలో, ఎటు తిప్పి పట్టుకోవాలో, నొప్పి పుడితే ఎలా విడిపించాలో ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చూపించింది. పాలపొడి కంపెనీల పోస్టరు ఒక్కటీ గోడల మీద లేదు. పాలపొడి ప్రకటనల్ని ఆపే 1992 చట్టం ప్రకారం ఉండకూడదు కూడా, కానీ ఉండకూడనివి ఎన్ని చోట్ల చూడలేదు!

ఇక ఆ ప్రశ్న సంగతి.

మొదటి రోజు డాక్టర్ని కలిసే ముందు ఒక నర్సు వివరాలు రాసుకుంటుంది. ఆ టేబుల్ కారిడార్లో ఉంది, తలుపూ లేదు, కర్టెనూ లేదు. చెల్లికి ఒక పక్క వాళ్ళ అత్తగారు, ఒక పక్క నేను. వెనక కుర్చీల్లో ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు. చివరి నెలసరి ఎప్పుడు, థైరాయిడ్ ఉందా, షుగర్ ఉందా, మేనరికమా అని అడిగి, తల ఎత్తకుండానే "హ్యాబిట్స్ ఏమైనా? స్మోకింగ్, ఆల్కహాల్?" అంది. చెల్లి నోరు తెరిచేలోపే ట్యాబ్లెట్ మీద 'నో' నొక్కేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. వాళ్ళ అత్తగారు చిన్నగా నవ్వారు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

కింద పార్కింగులో కారెక్కాక చెల్లి చెప్పింది. "అక్కా, కనకపుర రోడ్డు రిసార్టుకి టీమ్ ఔటింగ్ వెళ్ళాం చూడు, అప్పుడు రెండు బీర్లు తాగాను. అప్పటికి నాకు తెలీదు." చిన్న సీసాలు, 330 మిల్లీలీటర్లవి. టెస్టులో రెండు గీతలు కనబడింది ఆ తర్వాతి వారం. ఇది లోపల చెప్పాలని వచ్చిందట. నేనూ, వాళ్ళ అత్తగారూ ఉండగా ఎలా చెప్తుంది?

ఈ దేశంలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు దాదాపు 1 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మగవాళ్ళలో దాదాపు 19. ఆ 1 శాతంలో ఎంతమంది ఇలాంటి టేబుల్ దగ్గర 'నో' అయిపోయారో! ఆ సర్వేవాళ్ళు కనీసం చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని అడగడానికి ప్రయత్నిస్తారు. ఆసుపత్రికి ఆ పాటి ఓపిక లేకపోతే ఎలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, గర్భిణులందర్నీ వీలైనంత తొందరగా, వచ్చిన ప్రతిసారీ మద్యం గురించి అడగమని ఉంది. ఆ మాట వీళ్ళు పట్టుకున్నారు. నింద లేకుండా అడగాలని, గోప్యత పాటించాలని అదే పుస్తకంలో ఉంది. అది వదిలేశారు.

తర్వాత శనివారం క్లాసు. 'కడుపుతో ఉన్నప్పుడు తినకూడనివి, తాగకూడనివి' అని స్లైడ్లు. బొప్పాయి దగ్గర అందరూ నవ్వారు, కాఫీ దగ్గర వాదించారు. తర్వాత ఒక ఫొటో వచ్చింది. చిన్న కళ్ళు, పల్చని పై పెదవి, ముక్కు కింద గాడి లేని పసివాడి ముఖం. కింద ఎర్ర అక్షరాల్లో 'ఒక్క చుక్క చాలు, మీ బిడ్డ మెదడు దెబ్బతినడానికి' అని. హాల్లో ఎవరూ కదల్లేదు. చెల్లి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. పదకొండున్నరకి ఫోన్ చేసి, "అక్కా, ఇది ఉంచుకోవడం కరెక్టేనా?" అని అడిగింది. పెళ్ళయిన ఐదేళ్ళకి, అంత ఎదురుచూశాక వచ్చిన కడుపు అది.

నాకు కోపం వచ్చింది అక్కడ. మద్యం వద్దన్నందుకు కాదు. వద్దనే చెప్పాలి. మద్యం మాయని (ప్లాసెంటాని) దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది, దాన్ని కరిగించే శక్తి ఆ చిన్న కాలేయానికి ఉండదు, మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. ఇంత వరకు తాగితే ఏమీ కాదని గీత గీసి చెప్పగలిగేవాళ్ళు లేరు. నా గొడవల్లా ఆ ఫొటోతోనే. కడుపులో ఉండగా తల్లి తాగిన మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లల ముఖం అది, దానికి ఒక చరిత్ర ఉంది. 1968లో ఫ్రాన్సులోని నాంత్‌లో పాల్ లెమోయిన్, 1973లో అమెరికాలోని సియాటెల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ఇలాంటి పిల్లల గురించి రాశారు. సియాటెల్ వాళ్ళు రాసిన పిల్లల తల్లులు మద్యానికి తీవ్రంగా బానిసలైనవాళ్ళు. ఆ ముఖం కింద 'ఒక్క చుక్క' అని రాసి, రెండు చిన్న బీర్లు తాగిన అమ్మాయికి చూపించడం అబద్ధంతో సమానం. మంచి కోసం చెప్పిన అబద్ధమే అంటారేమో. ఆ మంచికి మా చెల్లి ఒక రాత్రంతా కడుపు తీయించుకోవాలా అని ఆలోచించింది.

రెండో అభిప్రాయం కోసం రామమూర్తినగర్లో ఒక పెద్దావిడ క్లినిక్కి తీసుకెళ్ళాను. ఫీజు 500. ఏసీ లేదు, టోకెన్ అట్టముక్క మీద రాసిస్తారు, గంటన్నర కూర్చోవాలి. చిత్తూరు జిల్లావిడ, కన్నడ, తెలుగు, తమిళం మూడూ గడగడా మాట్లాడుతుంది. మేమిద్దరం లోపలికి వెళ్ళగానే నన్ను చూసి, "మీరెవరమ్మా? అక్కా? కాస్త బయట కూర్చోండి, తర్వాత పిలుస్తా" అంది. నిజం చెప్పాలంటే చివుక్కుమంది. తీసుకొచ్చిందే నేను కదా! తర్వాత తెలిసింది, మొగుడొచ్చినా, తల్లొచ్చినా, అత్తొచ్చినా మొదటి పది నిమిషాలు అందర్నీ అలాగే బయటికి పంపిస్తుందట. బీపీ చూడాలి, బరువు చూడాలి అని ఏదో వంక. అందర్నీ పంపుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

లోపల జరిగింది చెల్లి చెప్పింది. "తాగుతారా?" అని కాదట ఆవిడ అడిగింది. "కడుపని తెలియకముందు ఎప్పుడైనా బీరో, వైనో, కల్లో తీసుకుని ఉంటారు, చాలామంది తీసుకుంటారు, మీరు చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు?" అని. సీసా ఎంత సైజు, ఏ బ్రాండు, స్ట్రాంగా మామూలుదా, ఎన్ని గంటల్లో తాగావు, పక్కన తిన్నావా అని. కాగితం మీద లెక్కేసింది. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ సుమారు 13 గ్రాములు, రెండింటికి 26. మనవాళ్ళు పోసుకునే 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాములు. పెద్ద సీసా స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే ఒక్కటే 40 దాటుతుంది. బీరే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళకి ఈ లెక్క చెప్తే కళ్ళు తిరుగుతాయి.

తర్వాత నన్నూ పిలిచింది, చెల్లి సరేనన్నాకే. "చూడమ్మా, మనకి తెలిసింది చెప్తాను, తెలియనిదీ చెప్తాను. ఎక్కువ తాగితే, ఒకేసారి బాగా తాగితే, రోజూ తాగితే బిడ్డకి ప్రమాదం, అందులో సందేహం లేదు. అలా తాగిన ప్రతి తల్లి బిడ్డకీ అదే జరుగుతుందా అంటే జరగదు. ఎంత, ఎప్పుడు, తిండి ఎలా ఉంది, ఒంటి తీరు, ఇవన్నీ ఉంటాయి. కొంచెం తాగితే ఏమవుతుందన్నది సరిగా తేలలేదు. తేలలేదంటే ఏమీ కాదని కాదు. అందుకే ఇవాళ్టి నుంచి సున్నా. నీ ఆ రెండు సీసాల వల్ల బిడ్డకి ఏదో అయ్యుండే అవకాశం బాగా తక్కువ. స్కాన్‌లో చూసి ఖాయంగా చెప్పమంటే మాత్రం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు."

ఆ ఆఖరి మాటకి చెల్లి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంటికెళ్ళే దారిలో కేఆర్ పురం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, బిర్యానీ తిందామా అంది.

ఇంటికొచ్చాక నేనూ కొంత చదివాను, చదవకుండా ఉండలేను. బ్రిటన్‌లో 2008లో ఇచ్చిన సలహా ఏమిటంటే, మొదటి మూడు నెలలూ మానండి, ఆ తర్వాత తాగదలచుకుంటే వారానికి ఒకటి రెండుసార్లు, ఒకటి రెండు యూనిట్లు మించకండి అని. వాళ్ళ యూనిట్ 8 గ్రాములు. 2016కి వచ్చేసరికి అసలు తాగకపోవడమే క్షేమం అని మార్చారు. కొద్దిగా తాగినా హాని ఖాయమని తేలి మార్చింది కాదు అది. 2017లో బ్రిస్టల్ పరిశోధకులు 26 అధ్యయనాలు కలిపి చూస్తే, కొద్దిగా తాగడం గురించి దొరికిన ఆధారాలు చాలా పల్చగా ఉన్నాయి. బిడ్డ బరువు తగ్గే అవకాశం కాస్త పెరగవచ్చని మాత్రం కనిపించింది. అంటే 'సున్నా' అన్నది ముందుజాగ్రత్తగా ఎంచుకున్న మాట. నాకది నచ్చిన ఎంపికే. తెలియకముందు తాగినవాళ్ళ విషయంలో చాలామంది బిడ్డలకి ఏమీ అయ్యుండదు, ఇకపై మానండి అని 2016 సలహాలోనే పక్కన ఒక వాక్యం ఉంది. మా ఆసుపత్రి స్లైడులో ఆ వాక్యానికి చోటు దొరకలేదు. నిజం మొత్తం చెప్తే ఆడవాళ్ళు అలుసుగా తీసుకుని తాగేస్తారని భయం కాబోలు. బీటెక్ చదివి, జీతం సంపాదించి, ఇంటి ఈఎమ్ఐ కట్టే మనిషికి 'తక్కువ అవకాశం' అంటే అర్థం కాదా?

'ఒక గ్లాసు వైన్ మంచిదే, రక్తం పడుతుంది' అని ఆఫీసులో చెప్పే స్నేహితురాళ్ళూ ఉన్నారు. వాళ్ళకీ ఆధారం లేదు. నా లెక్కలో ఆ స్లైడూ ఈ స్నేహితురాళ్ళూ ఒకే బెంచీ.

ఇంకొకటి, ఫైలు. ఆ ఆసుపత్రి ఇచ్చే ఫైలు రంగురంగుల ప్లాస్టిక్ కవరులో ఉంటుంది, మొదటి పేజీలోనే 'హ్యాబిట్స్' గడి. ఆ ఫైలు మా చెల్లి దగ్గర ఉండదు, వాళ్ళ అత్తగారి బీరువాలో ఉంటుంది. చుట్టాలొస్తే స్కాన్ ఫొటో చూపించడానికి బయటికి తీస్తారు. ఆరోజు చెల్లి ధైర్యం చేసి 'ఎస్' అని ఉంటే అది చుట్టాల నోట కర్నూలు దాకా ప్రయాణం చేసేది. బ్రిటన్‌లోనే 2020లో, తల్లి ఎంత తాగిందో రాసుకుని ఆ వివరం బిడ్డ ఆరోగ్య రికార్డులోకి కూడా పంపాలని ఒక ప్రతిపాదన వచ్చింది. గొడవ అయింది, 2022లో ఖరారు చేసినప్పుడు ఆ భాగం తీసేశారు. ఫైలు కుటుంబం చేతిలో ఉండే మన దగ్గర దీని గురించి ఎవరైనా ఆలోచించారా? రామమూర్తినగర్ డాక్టరమ్మ ఫైల్లో రాయలేదు. తన నోట్‌బుక్‌లో ఏదో గుర్తు పెట్టుకుంది.

ఆ స్లైడులో వైన్ గ్లాసు, విస్కీ గ్లాసు, కాక్‌టెయిల్‌లో చిన్న గొడుగు. ఏ విదేశీ వెబ్‌సైటు నుంచో తెచ్చినట్టున్నారు. మాది జనగామ దగ్గర పల్లె. మా ఊళ్ళో ఆడవాళ్ళు సాయంత్రం కల్లు తాగడం ఎవరికీ వింత కాదు. అదే సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో తాగేవాళ్ళు దాదాపు 7 శాతం. కడుపుతో ఉన్నవాళ్ళకి చలవ చేస్తుందని మా నాయనమ్మే పోసేది. కల్లుని 'మందు' అని మా ఊళ్ళో ఎవరూ అనరు, కాబట్టి "మందు తాగుతారా" అంటే నిజాయితీగానే లేదంటారు. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులిసి ఆల్కహాల్ అయిపోతుంది. ఇక కల్తీ కల్లయితే క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. తాటి వాసన కూడా తగలని ఈ బెంగళూరు స్లైడులో దాని ఊసే లేదు. బాలింతలకి పట్టే ఆయుర్వేద టానిక్కు దశమూలారిష్టం ఊసూ లేదు. అరిష్టాల్లో పులియబెట్టడం వల్ల ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది, సీసా మీద చిన్న అక్షరాల్లో శాతం కూడా ఉంటుంది. మా చెల్లి అత్తగారు బాలింతకి పట్టడానికి రెండు సీసాలు ఇప్పటికే తెచ్చిపెట్టారు. ఆవిడ బీరు సీసాని చేత్తో కూడా ముట్టుకోరు.

ఇంకా పెద్ద లోపం చెప్పాలి. మా అపార్ట్‌మెంట్లో ఇళ్ళ పనికి వచ్చే ఆవిడ ఒకరున్నారు, నారాయణపేట వైపు. ఒళ్ళు నొప్పులకి రోజూ రాత్రి తాగుతుంది, మొగుడే తెస్తాడు. కిందటేడు కడుపుతో ఉన్నప్పుడు కూడా మానలేకపోయింది. అలాంటి మనిషి ఆ 'ఒక్క చుక్క' స్లైడు చూస్తే ఏం చేస్తుంది? ఎలాగూ చెడిపోయిందని తాగుతూనే ఉంటుంది, లేదా భయపడి ఒక్కసారిగా మానేస్తుంది. రోజూ ఎక్కువ తాగే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఆసుపత్రిలో ఉంచి, డాక్టర్ల పర్యవేక్షణలో మాన్పించాలి. ఇదే ఊళ్ళో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, వ్యసనాలకి ప్రత్యేక విభాగం ఉంది, తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. ఎర్ర అక్షరాల కింద ఈ ఒక్క నంబరు వేయడానికి ఎంత ఖర్చు?

మగవాళ్ళని అడగకపోవడం గురించి ఎక్కువ రాయను, రాస్తే ఆగను. 1 శాతాన్ని నిలదీసి 19 శాతాన్ని వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టారు. ఇంట్లో ఎవరు తాగుతారు, తాగి ఏం చేస్తారు అని డాక్టరమ్మ అడిగింది. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు.

ఇదంతా ఫీడ్‌బ్యాక్ ఫారమ్‌లో రాసిచ్చాను, ఇంత పొడవుగా కాదులెండి. ఒక మేనేజర్ ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడాడు. "అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారమే చెప్తున్నాం మేడమ్, రిస్క్ తీసుకోలేం" అన్నాడు. ఎవరి రిస్క్ అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నర్సు టేబుల్‌ని మాత్రం నెల తర్వాత ఒక గదిలోకి మార్చారు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మనమే వేసుకోవాలి. స్లైడు మారలేదు.

కాన్పు అక్కడే. పుట్టిన బిడ్డకి ఏదైనా అయితే చూసే ఎన్ఐసీయూ ఉంది, మా ఇంటికి పదిహేను నిమిషాలు, డాక్టరు మంచిది. రామమూర్తినగర్ క్లినిక్‌లో కాన్పులు చేయరు. నా సలహా ఏమిటంటే ప్యాకేజీ తీసుకోండి, పాల క్లాసు వదలొద్దు, తిండి క్లాసుకి వెళ్ళకపోయినా నష్టం లేదు. మొదటి విజిట్‌కి మీ ఇంటివాళ్ళని కింద ఫార్మసీ క్యూలో నిలబెట్టి, మీరొక్కరే పైకి వెళ్ళి తలుపు వేసుకోండి. శనివారం పార్కింగ్ పదింటికల్లా నిండిపోతుంది, క్యాబ్‌లో వెళ్ళడమే మేలు.

5కి 3.